కర్ణుడికి ఆలస్యంగా చెప్పారు

మహాలయ పక్షాలు సగం గడిచాయి. అమావాస్యలోగా తర్పణం విడవాలని, స్వయంపాకం ఇవ్వాలని పురోహితుడి కోసం వెతుక్కునే రోజులివి. తెలంగాణలో ఆనాడే పెత్రమాస, సాయంత్రానికి ఎంగిలిపూల బతుకమ్మ. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన మన పిల్లలూ ఈ విషయంలో శ్రద్ధగానే ఉంటున్నారు. అక్కడి తిథి చూసుకుంటారు, గుళ్లో పేరు రాయించుకుంటారు, అదీ కుదరకపోతే ఇక్కడి పురోహితుణ్ని ఫోన్‌లో చూస్తూ నీళ్లు వదులుతారు. 1976లో పిట్స్‌బర్గ్‌లో వేంకటేశ్వరుడి గుడి వెలిసిన రోజుల్లో ఈ వెసులుబాటు ఎక్కడిది! ఫోన్‌లో చెప్పిన మంత్రం చెల్లుతుందా అనే తగువులోకి నేను పోను. నా బాధ వేరు.

తర్పణం మధ్యలో పురోహితుడు ఆగి పేర్లు అడుగుతాడు. తండ్రి, తాత, ముత్తాత. వసు, రుద్ర, ఆదిత్య రూపులుగా భావించి ఒక్కొక్కరికీ నీళ్లు వదలాలి. తర్వాత తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారు, అటుపైన అమ్మ పుట్టింటివారు. తర్పణాల అలవాటు లేక పెద్దలకు బియ్యమిచ్చుకునే ఇళ్లలోనూ పేర్లు చెప్పాల్సిందే. గోత్రానికి ఇబ్బంది లేదు. అర్చన చేయించిన ప్రతిసారీ వింటాడు కాబట్టి అక్కడ పుట్టిన పదేళ్లవాడు కూడా ‘భారద్వాజ’ అని ఠక్కున అనేస్తాడు. ముత్తాత దగ్గరికి వచ్చేసరికి వాడి తండ్రే నీళ్లు నములుతాడు. ముత్తవ్వ పేరైతే ఇక చెప్పనక్కర్లేదు. గోత్రం తెలియనివారు కాశ్యప గోత్రం చెప్పుకోవచ్చని పెద్దలు దయతో ఒక దారి చూపారు. అది దిక్కులేనివారి కోసం. నలుగురు తాతమామ్మలు బతికుండగా పేర్లు అడగని వారి కోసం కాదు.

ఈ పక్షాలకు కర్ణుడి కథ చెబుతారు కదా. వ్యాసభారతంలోది కాదు గానీ పెద్దల నోట అందరూ విన్నదే. స్వర్గంలో కర్ణుడికి ఆకలేస్తే విస్తట్లో బంగారం వడ్డించారు. జీవితమంతా బంగారమే ఇచ్చావు, పితరుల పేరిట పట్టెడన్నం పెట్టలేదన్నారు. నా పితరులెవరో నాకు తెలిస్తే గదా అన్నాడాయన. పదిహేను రోజులు భూమికి వచ్చి అన్నం పెట్టి వెళ్లాడు. ఈ కథ చెప్పి దానం గొప్పదని, అన్నం ఇంకా గొప్పదని ముగించేస్తాం. తప్పెవరిదో మాత్రం అడగం.

భారతంలోకి వెళితే ఆ జవాబు స్త్రీపర్వంలో దొరుకుతుంది. యుద్ధం ముగిశాక గంగ ఒడ్డున చనిపోయినవారందరికీ నీళ్లు వదులుతున్నప్పుడు, కర్ణుడికీ వదలండి, వాడు మీ అన్న అంటుంది కుంతి. కర్ణుడికి ఆ సంగతి చెప్పిందీ యుద్ధం ముంగిట నిలిచాకే. అన్నాళ్లూ ఆమె నోరు కట్టేసింది లోకభయం.

మన ఇళ్లలోనూ అదే భయమని నా అనుమానం. ఆరు నెలల విజిటర్ వీసా మీద వెళ్లే అమ్మమ్మలు, తాతయ్యలు సూట్‌కేసు నిండా ఆవకాయ, పొడులు మోసుకెళతారు. మనవణ్ని బడి బస్సు ఎక్కిస్తారు, దింపుకుంటారు. మిగిలిన పూటంతా ఫోన్‌లో సీరియల్. తిరిగొచ్చాక, వాడికి తెలుగు రాదండీ, ఏం మాట్లాడతాం అని నిట్టూర్పు. మీ నాన్న పేరు చెప్పడానికి వాడికి తెలుగు రావాలా? అసలు సంగతి వేరే. ఆ నాన్న కూలికి వెళ్లాడు, లేదా కరువులో ఊరొదిలాడు, లేదా అప్పులకు పొలం పోగొట్టుకున్నాడు. వాళ్లమ్మ వేలిముద్ర వేసేది. కోడలి ముందు, అందులోనూ ఆ పిల్ల వేరే దేశస్థురాలైతే, ఇవన్నీ ఎందుకులే అనిపిస్తుంది. కూలికి వెళ్లిన తాత మనవడికి చిన్నతనమని ఎవరన్నారు? వలస వచ్చిన ఇంట్లో పుట్టినవాడికి, ముందుగా ఊరొదిలిన ముత్తాత అందరికంటే దగ్గరివాడు.

ఆ కోడలు కొరియా పిల్లే అయితే ఆమెను అడిగి చూడండి. చుసోక్ పండుగ ఉదయం వాళ్లు పెద్దల పేరిట ఆహారం అమర్చి మొక్కుతారు. చాలా ఏళ్లలో అది మన పక్షాలకు ముందరి పున్నమే. జోక్‌పో అని వంశావళి గ్రంథాలు దాచుకున్న కుటుంబాలు వాళ్లలో ఉన్నాయి. ఒక తరంలో పుట్టిన అన్నదమ్ములకు, పినతండ్రి బిడ్డలకు పేర్లలో ఒకే అక్షరం కలిసేలా పెట్టుకునే ఆచారం చైనావారిలోనూ, వారిలోనూ ఉంది. అక్కడా సడలుతోందనుకోండి. అయినా పితృదేవతల మాట ఆ పిల్లకు కొత్తేమీ కాదు. కొత్తదని మనమే ఊహించుకుని తలుపు మూసేస్తున్నాం.

కొడుకులను నేనిక్కడ తిట్టడం లేదు. డబ్బు పంపుతున్నారు, ఫోన్ చేస్తున్నారు, తిథి మరవడం లేదు. పేర్లు తెలిసినవారు మీరు. ఈ ఆదివారం వీడియో కాల్‌లో మనవడు కనబడగానే ‘తిన్నావా’ అన్నాక ఆగిపోకండి. మీ అమ్మ పేరు, నాన్న పేరు, వాళ్ల ఊరు, వాళ్లు చేసిన పని చెప్పండి. వాడి చేత రాయించండి, ఏ లిపిలో రాసుకున్నా సరే. అమావాస్యకు ఇంకా వారం ఉంది.