ఒక్కనికే తెలిసిన రుచి

ధ్యాన భాగము: సామెతలు 14:10, యోహాను 12:27-30

1877వ సంవత్సరమున నరేంద్రనాథ దత్తు అను పదునాలుగేండ్ల బాలుడు కుటుంబముతో కలకత్తా నుండి రాయపూరునకు బయలుదేరెను. న్యాయవాదియైన అతని తండ్రి వృత్తిరీత్యా అప్పుడు అక్కడ నివసించుచుండెను. ఆనాటికి రాయపూరునకు రైలు లేదు. నాగపూరు దాటిన పిమ్మట అడవుల గుండ ఎడ్లబండ్లలో దినముల తరబడి ప్రయాణము చేయవలసియుండెను. ఒకచోట కొండ చీలికలో వ్రేలాడుచున్న పెద్ద తేనెపట్టు ఆ బాలుని కంటబడెను. దానిని చూచుచుండగానే అతనికి బాహ్యస్మృతి తప్పెను. తెలివి వచ్చునప్పటికి బండి చాల దూరము సాగిపోయియుండెను. బండిలో అతడు ఒంటరిగా నున్నందున ఆ సంగతి ఎవరికిని తెలియలేదు. తరువాతి కాలమున వివేకానందస్వామిగా ప్రసిద్ధినొందిన ఆయన తానే దీనిని చెప్పగా, చరిత్రకారులు వ్రాసిరి. నేడు ఛత్తీస్‌గఢ్ రాజధానియైన రాయపూరులోని విమానాశ్రయము ఆయన పేరనే యున్నది.

ఆ అనుభవముయొక్క విలువను తూచుట ఈ ధ్యానముయొక్క ఉద్దేశము కాదు. క్రైస్తవుని నిరీక్షణ సిలువవేయబడి లేచిన ప్రభువునందే గాని, ఏ మానవుని పారవశ్యమునందును లేదు. అయితే ఇందులో గమనింపదగిన మాట ఒకటి కలదు. ఆ త్రోవను బండ్లు ఎన్నో నడచినవి, బాటసారులు ఎందరో పోయిరి. ఒకడు మాత్రము నిశ్చేష్టుడాయెను. అతని ప్రక్కబండిలోని వారికైనను అది తెలియలేదు. ప్రతి హృదయములోను పరులు ప్రవేశింపజాలని గది యొకటి యున్నదని, అందలి చేదును సంతోషమును దాని యజమానుడే యెరుగునని జ్ఞానియైన సొలొమోను ఏనాడో గ్రహించెను.

చేదు విషయమై ఈ సత్యము అక్షరాల రుజువైనది. 1931లో అమెరికాలోని డుపాంట్ సంస్థ ప్రయోగశాలలో ఆర్థర్ ఫాక్స్ అను రసాయన శాస్త్రజ్ఞుడు పని చేయుచుండగా ఒక పదార్థపు పొడి గాలిలోనికి ఎగిరెను. అది మిక్కిలి చేదుగా నున్నదని సహోద్యోగి యనెను. ఫాక్సు నాలుకకు ఏ రుచియు తగులలేదు. ఇద్దరును వాదించుకొని, పిమ్మట ఇతరులచేత రుచి చూపించిరి. కొందరికి అది చేదు, కొందరికి చప్పన. ఇందులో అబద్ధమాడినవాడు ఒక్కడును లేడు. ఈ భేదమునకు ముఖ్యకారణమైన జన్యువును 2003లో గుర్తించిరి. పుట్టుకతోనే మనుష్యుల నాలుకలు వేరు. ఒకని సాక్ష్యము మరియొకనికి అసత్యముగా తోచుటకు ఇంతమాత్రము చాలును.

భోజనపు బల్లయొద్ద ఈ సంగతి దినదినమును కనబడును. రాయపూరు ప్రాంతమున రాత్రి మిగిలిన అన్నమును నీట నానబెట్టి, ఉదయమున ఉల్లిపాయతోను పచ్చిమిరపకాయతోను తిందురు. దానిని బోరే బాసి యందురు. శ్రామికుల గౌరవార్థము 2022 మే 1వ తేదీన అందరును దానిని భుజింపవలెనని ఆ రాష్ట్ర ప్రభుత్వమే పిలుపునిచ్చెను. చద్దన్నము, తరవాణి ఎరిగిన తెలుగు ఇంటివారికి అది కొత్త కాదు. కాని బస్తరు అడవులలో ఎర్రచీమలను నూరి చేయు చాప్‌డా పచ్చడిని చూపినయెడల, వీరిలో అనేకులు మొగము త్రిప్పుకొందురు. దానితో పెరిగినవానికో, అది తల్లి చేతి వంట. ఒకడు తినుటను, మరియొకడు తినకపోవుటను ఎరిగియే అపొస్తలుడైన పౌలు, తినువాడు తిననివానిని తృణీకరింపరాదనియు, తిననివాడు తినువానికి తీర్పు తీర్చరాదనియు రోమా సంఘమునకు బోధించెను (రోమా 14:3).

నాలుక విషయములో ఓర్పు చూపువారు ఆత్మ విషయములో దానిని మరచుట కలదు. సాక్ష్యకూటములో ఒకరి తరువాత ఒకరు లేచి, మారుమనస్సు పొందిన దినమున కలిగిన ఆనందబాష్పములను వర్ణింతురు. వెనుక వరుసలో ఒక సహోదరి తల వంచుకొని కూర్చుండును. ఆమె ప్రభువును నమ్మినది, వాక్యమును ప్రేమించుచున్నది. అయినను అటువంటి పొంగు ఆమె ఎన్నడును ఎరుగదు. "నా రక్షణ నిజమైనదేనా?" అని ఆమె లోలోపల నలిగిపోవును. మరియొక చోట ఒక యువకుడు ప్రార్థనలో ఇతరులెరుగని మహా సన్నిధిని అనుభవించి, నవ్వుదురేమోయని నోరు మూసికొనును. ఒకరికి లేనందువలన ఒంటరితనము, ఒకరికి ఉన్నందువలన ఒంటరితనము. ఇద్దరును ఒకే బల్లమీద ప్రక్కప్రక్కనే కూర్చుండియుందురు.

లేఖనము ఈ ఇద్దరికిని మార్గము చూపుచున్నది. మూడవ ఆకాశమువరకు కొనిపోబడిన పౌలు పదునాలుగు సంవత్సరముల పిమ్మట, అదియు అవసరమునుబట్టి, తన పేరు చెప్పకయే దానిని ప్రస్తావించెను (2 కొరింథీ 12:2). దానిని ఇతరులకు నియమముగా విధింపలేదు. అతిశయింపవలసి వచ్చినప్పుడు తన బలహీనతనే యెంచుకొనెను. కావున అనుభవము గలవాడు దానిని కొలబద్దగా చేయకుండును గాక. సమస్తమును పరీక్షించి మేలైనదానిని పట్టుకొనుమన్న ఆజ్ఞ అతనికిని వర్తించును. అనుభవము లేనివాడు కృంగకుండును గాక. దేవుడు విశ్వాసమును కోరెను గాని, అందరికిని ఒకే విధమైన కన్నీటిని కోరలేదు.

యెరూషలేములో ప్రభువు ప్రార్థించినప్పుడు ఆకాశమునుండి స్వరము వచ్చెను. నిలిచియున్న జనులు ఉరిమెననిరి. మరికొందరు దేవదూత మాటలాడెననిరి. తండ్రి మాటను ఆయన తెలిసికొనెను. జనసమూహము మధ్య నిలిచి, చుట్టునున్నవారు గ్రహింపని సంగతిని ఒంటరిగా మోయుట ఎట్టిదో ఆయనకు తెలియును. గెత్సేమనేలో ఆయన వేదనపడుచుండగా సన్నిహిత శిష్యులే నిద్రించిరి. గొల్గొతాయొద్ద చేదు కలిపిన ద్రాక్షారసమును ఆయన రుచి చూచి, త్రాగనొల్లకపోయెను (మత్తయి 27:34). అయితే అంతకంటె చేదైన మరణమును ప్రతి మనుష్యుని కొరకు రుచి చూచెనని హెబ్రీ పత్రిక సాక్ష్యమిచ్చుచున్నది (హెబ్రీ 2:9).

సొలొమోను చెప్పిన ఆ మూసిన గదికి సువార్తయందు కలిగిన ఉత్తరమిదియే. పరుడు అందు ప్రవేశింపజాలడు. భర్త భార్య హృదయమును, తల్లి బిడ్డ హృదయమును పూర్తిగా ఎరుగజాలరు. కాని మానవ హృదయమును ధరించి, మానవ నాలుకతో చేదును రుచి చూచినవాడు ఆ గదికి పరుడు కాడు. తనకు తోచినది వివరించుటకు మాట దొరకని విశ్వాసి ఆయనయెదుట మాటలు వెదకుకొననక్కరలేదు.

ఆలోచింపవలసినది: నీ సంఘములో నీ ప్రక్కను కూర్చుండువాడు నీవెరుగని రుచి నెరిగినవాడై యుండవచ్చును. అతడు దానిని చెప్పినప్పుడు నవ్వక, తొందరపడి తీర్పు తీర్చక, వినుటకు ఈ దినమున సిద్ధముగా నున్నావా?