పాత లోకములు – క్రొత్త నిబంధనలు

ఇట్టి సంచికకు మా వంటివారు వ్రాయవలసినది మన పండుగలను గూర్చియో, మన పూర్వులు ఈ ఊరికి వచ్చి స్థిరపడిన విధమును గూర్చియో యని అందరును తలంతురు. ఈ మారు మేము ఒక ఆటను గూర్చి వ్రాయుచున్నాము. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, గుమాస్తా పనిలో తల నెరసి, అరువది దాటిన మాకు అమెరికా దేశపు ఆటతో ఏమి పని యని పాఠక మహాశయులు నవ్వవచ్చును. కాని ఆ ఆటనుండి పుట్టిన ఒక తగవు మా ఇంటి వసారాలో మూడు దినములు నడచినది. ధర్మాధర్మ విచారణ లేక అది తీరునది కాదని మాకు తోచినది.

బెంగుళూరులో చదువుచున్న మా మనుమడు సెలవులకు బరంపురము వచ్చుచు నలుగురు స్నేహితులను వెంటబెట్టుకొని వచ్చినాడు. వారాడునది ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను ఆట. దీనిని గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను ఇరువురు కల్పించి 1974లో ప్రకటించిరి. ఇందు గళ్లపటము తప్పనిసరి కాదు. ఒకరు గెలిచి వేరొకరు ఓడుట లేదు. ఒకరు సూత్రధారునివలె కథ నడుపుదురు. తక్కినవారు తలకొక వేషము ధరింతురు. ఆ వేషము రంగుతో గాక మాటతోనే కట్టబడును. తలపెట్టిన కార్యము ఫలించెనా లేదా యని ఇరువది ముఖముల పాచిక చెప్పును. ఠాకురాణీ యాత్రలో మ్రొక్కు చెల్లించుటకు వేషములు కట్టువారిని, డప్పుకు అడుగు వేయు పులివేషగాండ్రను చిన్ననాటినుండి చూచిన ఈ ఊరివారికి వేషమనగా నేమో వేరుగ చెప్పనక్కరలేదు. వేషము కట్టినవాడు కొంతసేపు తాను కాడు. విప్పిన తరువాత మునుపటివాడును కాడు.

వేషములుండుటకు ఒక లోకము కావలెను గదా! ఆ లోకములను సృష్టించి పుస్తకములుగా అచ్చువేసిరి. గ్రేహాక్ 1980లో, డ్రాగన్‌లాన్స్ 1984లో, నక్షత్రముల నడుమ ఓడలు తిరుగు స్పెల్‌జామర్ 1989లో, డార్క్ సన్ 1991లో, ప్లేన్‌స్కేప్ 1994లో వచ్చినవి. 1997లో ఆ సంస్థ చేతులు మారినది. ఆట నిబంధనలు 2000లో, 2008లో, 2014లో క్రొత్తగా కట్టబడినవి. 2024లో మరల సవరింపబడినవి. పాత నిబంధనల కొలతకు కుట్టిన లోకములు క్రొత్త వాటికి సరిపోవు. వాటిని మరల కుట్టి తొడుగవలెనా, మడతపెట్టి పెట్టెలో నుంచవలెనా? ప్రశ్న ఇంతే. డ్రాగన్‌లాన్స్, స్పెల్‌జామర్ 2022లో, ప్లేన్‌స్కేప్ 2023లో తిరిగి వచ్చినవి. గ్రేహాక్ 2024 నాటి సూత్రధారుని పుస్తకములో చోటు సంపాదించినది. 2010లో ఒకమారు క్రొత్త బట్ట కట్టిన డార్క్ సన్ మాత్రము 2014 తరువాతి పదేండ్లలో రాలేదు. మా మనుమడు పట్టుకొని వచ్చినది సరిగా ఆ 1991 నాటి పుస్తకమే; పాతపుస్తకముల అంగడిలో కొన్నాడట.

ఈ లోకము మమ్ము ఆకట్టుకొన్నదని ఒప్పుకొనుటకు సిగ్గుపడము. అది ఎండి బీటలు వారిన భూమి. మంత్రము పఠించినచో చుట్టునున్న పచ్చిక బూడిదయగును. అట్లు మంత్రములు పఠించి పఠించియే పూర్వులు లోకమును ఎడారి చేసిరి. లోహము దొరకదు, కత్తులు ఎముకతోను రాతితోను చేసికొందురు. దేవతలు లేరు. నగరములను మాంత్రికరాజులు ఏలుదురు. అచట దప్పికయే కథానాయకుడు. ఒక వేషము చచ్చినచో తొడుగుటకు మరికొన్ని వేషములను ముందుగనే సిద్ధపరచుకొనుమని ఆ పుస్తకమే చెప్పును!

ఇప్పుడు క్రొత్త నిబంధనలు చూడుడు. ఆటలో మొదటి మెట్టుననే యున్న పూజారి ఒక చిన్న మంత్రముతో పది గ్యాలనుల నీరు పుట్టింపగలడు. మరియొక మంత్రముతో కొన్ని పండ్లు పుట్టును. ఒక పండు తిన్నచో ఆ దినమునకు ఆకలి లేదు. ఈ రెండింటిని ఆ ఎడారిలోనికి రానిచ్చినచో దప్పిక యేది? ఎడారి పటము మాత్రము మిగులును, ఎడారి పోవును. కనుక నిబంధనలు మారిన నేమి, కథ అదియే గదా యనువారితో మేము ఏకీభవింపము. లోకము బ్రదుకుట దానిలో ఉన్నవాటి వలన గాదు, లేనివాటి వలన. డ్రాగన్‌లాన్స్ లోకములోను దేవతలు మానవులను విడిచి మూడువందల యేండ్లకు పైగా నైనది. గాయము మాన్పు పూజారి లేడు. బంగారముకంటె ఉక్కునాణెమునకు విలువ యెక్కువ. 2022లో దానిని తిరిగి తెచ్చినవారు ఈ లేమిని గుర్తెరిగి, దేవత చాలకాలపు మౌనము విడిచి భక్తుని పలుకరించు ఘట్టమును ఆట మొదట పెట్టిరి. అది బట్టకుట్టు తెలిసినవారి పని.

మన వైకుంఠపాళి మాట గుర్తునకు వచ్చుచున్నది. మా నాయనమ్మ ఆడిన పటములో నిచ్చెనలకు సద్గుణముల పేర్లు, పాములకు దుర్గుణముల పేర్లు, రాక్షసుల పేర్లు నుండెడివి, కొసను వైకుంఠము. ఆ ఆట పందొమ్మిదవ శతాబ్ది చివర ఇంగ్లండు చేరినది. మొదట అచటను నీతుల పేర్లుండినవి. పోను పోను పేర్లు రాలి అంకెలు మిగిలినవి. నేడు మన పిల్లలు అంగడిలో కొనునది ఆ అంకెల పటమే. ఆట బ్రదికినది, నిజమే. ఏ పాము ఎందుకు మ్రింగినదో చెప్పువారు లేరు.

ఐతే మా వసారాలోని తగవు నీటిని గూర్చినది కాదు. డార్క్ సన్ నగరములలో బానిసల సంతలు కలవు. వచ్చిన స్నేహితులలో ఒక అమ్మాయి, ‘తాతగారూ, మా ముత్తాత అప్పు క్రింద వెట్టిచాకిరి చేసి చచ్చిపోయినాడు. ఆ సంతలో బేరమాడుట నాకు ఆట కాదు’ అన్నది. ఒక కుర్రవాడు, బానిసత్వము తీసివేసినచో మాంత్రికరాజుల దౌష్ట్యము కనబడదనెను. ఇరువురి మాటలోను నిజమున్నది. అందువలననే మూడు దినములు పట్టినది.

ఆట అచ్చువేయువారికిని ఈ చిక్కు తప్పలేదు. రావెన్‌లాఫ్ట్ అను భయానక లోకములోని సంచారజాతిని ఐరోపా రోమా ప్రజలను గూర్చిన పాత నిందలతో చిత్రించిరని 2016 నాటి పుస్తకముపై విమర్శ రాగా, సవరింతుమని 2020లో సంస్థ ప్రకటించినది. 2021 నాటి పుస్తకములో ఆ జాతిని వేరు విధముగ చూపిరి. 2022 నాటి స్పెల్‌జామర్ పుస్తకములో కోతిరూపపు జాతి యొకటి బానిసలుగా అమ్ముటకై పెంచబడినదను కథ వ్రాసి, నల్లజాతివారిపై నిందను తలపించుచున్నదని విమర్శ రాగా, క్షమాపణ చెప్పి తొలగించిరి. చూచితిరా, పాతది గనుక తప్పు, క్రొత్తది గనుక ఒప్పు అనుటకు వీలులేదు. ఈ తప్పు క్రొత్త పుస్తకములోనిదే.

ఇచట మా తప్పు ఒకటి చెప్పవలెను. మా యౌవనమున ఒక నాటకమునకు ప్రతి సిద్ధపరచు పని మాకు అప్పగింపబడినది. పాత వ్రాతప్రతి, ఒక్కటే యుండినది. అందు ఒక వృత్తివారిని హేళన చేయు ఘట్టము కలదు. ఆ వృత్తివారు ముందు వరుసలో కూర్చుందురని ఎరిగి మేము ఆ పుటలపై సిరా పోసినట్లు కొట్టివేసితిమి. కొట్టివేయుట తప్పని నేటికిని అనుకొనము. కాని ఎవరిని అడుగలేదు, ఎవరికి చెప్పలేదు. ఆ వేషము నలువది యేండ్లు వేసిన వృద్ధుడు తన పాట వెదకికొని, దొరకక, ప్రతి మూసి ఇంటికి పోయినాడు. ఆయన పోయిన తరువాత తెలిసినది, ఆ హేళన చివర వృత్తివాడే గెలుచు పద్యములు కూడ ఆ సిరా క్రిందనే పోయినవని. వాటిని మరల వ్రాయగలవారు లేరు.

కచేరీలో మాకు మొదటి దినముననే నేర్పినది వేరు. దస్తావేజులో తప్పు పడినచో గీకరాదు, చెరుపరాదు. ఒక్క గీత, క్రింది అక్షరములు కనబడునట్లు. ప్రక్కన సవరణ, పొట్టి సంతకము, తేదీ. కాగితము మీద పాటించినది నాటకము మీద ఏల పాటింపలేదో మాకు నేటికిని బోధపడదు. నేడు పుస్తకములు తెరమీదనే అచ్చగుచున్నవి. కొన్నవాని ప్రతిలోను రాత్రికి రాత్రి వాక్యము మాయము చేయవచ్చును. 2022లో ఆ సంస్థ క్షమాపణ బహిరంగముగ చెప్పినది గనుక సంతకము పెట్టినట్లే యని మేము లెక్కింతుము. సంతకము లేని మార్పు మాత్రము మాకు సిరా పోసిన పుటవలెనే కనబడును.

కనుక పిల్లలు అడిగినపుడు, లోకమును తిరిగి తెండు, నిబంధనలు మార్చుకొనుడు, దప్పికను మాత్రము విడువకుడు, మార్చినచోటెల్ల గుర్తు పెట్టుడు అని చెప్పితిమి. సంత సంగతి ఆ అమ్మాయినే నిర్ణయింపుమంటిమి. ఆ బల్లవద్ద దాని బరువు మోయవలసినది ఆమె గనుక. ఒక రాత్రి ఆలోచించి, సంతను తీసివేయవద్దనినది. కథ మాత్రము సంత తగులబడిన మరునాడు మొదలు కావలెననియు, తమ వేషములన్నియు అందుండి తప్పించుకొన్నవారివి కావలెననియు కోరినది. మా మనుమడు ఆ పుస్తకపు అంచున పెన్సిలుతో ఈ మార్పు వ్రాసి తేదీ వేసినాడు. క్రింద అయిదుగురు పొట్టి సంతకములు చేసిరి.

నీళ్ల మంత్రము విషయము ఇంకను తెగలేదు. పూజారి వేషము వేసిన కుర్రవాడు పది గ్యాలనులు కాకున్న ఒక చెంబెడైన ఇమ్మని పట్టుబట్టుచున్నాడు.