తానుగా కట్టుకొన్న గంతలు



పైలటు విద్య నేర్చుకొనుచున్న యువకుడొకడు మమ్ములను ఒక ప్రశ్న అడిగెను. మబ్బులో విమానము నడుపుట అభ్యసించునప్పుడు, బయటి ఆకాశము కనబడకుండ కన్నులకు ఒక మరుగు పెట్టుకొనవలెనట. ఎదుటనున్న పరికరములు మాత్రము కనబడవలెను. ఆ మరుగులు పలు విధములు. ఏది కొనవలెను? ఇది అంగడిలో అడుగవలసిన మాటవలె తోచును గాని, దీనిలో మనస్సాక్షి సంగతి ఒకటి దాగియున్నది.

మన అగళి వారికి బెంగుళూరు అంత దూరము కాదు. ఆ నగరపు జక్కూరులో 1949లో ప్రభుత్వ విమాన శిక్షణ పాఠశాల స్థాపింపబడెను. చలికాలపు ఉదయములందు దేవనహళ్లి విమానాశ్రయమున మంచు కమ్మి ప్రయాణములు ఆలస్యమగుట మనము వినుచునే యున్నాము. మంచులో ఎద్దులబండి తోలువాడు బండి నిలిపి దిగవచ్చును. ఆకాశములో నిలుపుట యెక్కడిది?

కన్ను పనిచేయనప్పుడు మనిషి తన శరీరమును నమ్మును. అక్కడనే మోసము. లోపలి చెవిలో సన్నని గొట్టములును వాటిలో ద్రవమును ఉన్నవి. తల తిరిగినప్పుడు ఆ ద్రవము కదలి మనకు తెలుపును. అయితే విమానము మెల్లగా ఒకే ప్రక్కకు తిరుగుచుండినయెడల, కొంతసేపటికి ఆ ద్రవము కుదుటపడి, తిన్నగా పోవుచున్నామనియే తోచును. తిరునాళ్లలో రంగులరాట్నము దిగిన పిల్లవానికి నేల ఎదురు తిరిగినట్లుండుట మీరెరుగుదురు. అదియు ఈ ద్రవము చేయు పనియే. 1954లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమువారు, ఈ విద్య నేర్వని 20 మందికి బయటి చూపు మరుగుచేసి పరీక్షించిరి. సగటున 178 సెకండ్లలో అందరును విమానముపై పట్టు కోల్పోయిరి. మూడు నిమిషములైన కాలేదు!

కాబట్టి గంతలు కట్టుకొని నేర్వవలెను. గానుగెద్దుకు యజమానుడు గంతలు కట్టును. ఇక్కడ నేర్చువాడు తానే కట్టుకొనును. ఒక విధము హుడ్డు. టోపీ అంచువలె ముందుకు సాగి, పైచూపును ప్రక్కచూపును బాగుగా మూయును, గాని బరువు, ఉక్క. రెండవది ఫాగుల్స్ అను కళ్లద్దములు. పైభాగము మసక, క్రిందిభాగము తేట. చవుక, తేలిక, జేబులో పట్టును. అయితే గడ్డము కొంచెమెత్తినచో దిగంతము కనబడును. ఇటీవల విద్యుత్తుతో మసకబారు అద్దములును వచ్చినవి. నేర్పువాడే వాటిని మెల్లగా మూయును, నిజమైన మబ్బు కమ్మినట్లే.

తొంగిచూచిన ఆ ఒక్క క్షణము ఎవరికి నష్టము? ప్రక్కనున్న శిక్షకునికి తెలియకపోవచ్చును. పుస్తకములో గంట వ్రాయబడును. ఈ అర్హతకు మన దేశములోను అమెరికాలోను 40 గంటల లెక్క కావలెను. అందులో దొంగచూపుతో గడచిన గంట యెట్టిదో వ్రాసికొన్నవానికే తెలియును. మరి కొన్ని యేండ్లకు వాని వెనుక కూర్చుండు తల్లులు, పిల్లలు ఆ పుస్తకము చూడరు; అందులోని అంకెను నమ్మియే ఎక్కుదురు.

అయితే తొంగిచూచుటకు వీలులేని గంతలే కొనుమందుమా? సందు లేనిచోట నిజాయితీ యెక్కడ పరీక్షింపబడునని కొందరందురు. ఆ మాటలో సారము లేకపోలేదు. అయినను మా తలంపు వేరు. తన బలహీనత నెరిగి, ముందుగానే తలుపు మూసికొనువాడు పిరికివాడు కాడు. పైగా ఇక్కడ నేర్వవలసినది ఆశను జయించుట కాదు, పరికరములను చదువుట. వచ్చిన ప్రతి తలంపుతో పోరాడుచుండిన మనస్సు ఆ పని యెప్పుడు చేయును?

ఇంకొక సంగతి. గంతలు కట్టుకొన్నవాడు ఒంటరిగా ఎగురరాదు. కన్నులు తెరచియున్న మరియొక పైలటు ప్రక్కన ఉండవలెను. 1929 సెప్టెంబరు 24న న్యూయార్కు సమీపమున జేమ్స్ డూలిటిల్, గుడ్డ కప్పిన గదిలోనుండి బయటికి చూడకుండ విమానమును లేపి, నడిపి, దింపెను. ముందు ఆసనములో బెంజమిన్ కెల్సీ కన్నులు తెరచి కాచుకొనియుండెను. పేరు డూలిటిల్‌ది, ఆ కాపలాయు తక్కువ పని కాదు.

పరికరమును నమ్ముటయనగా గ్రుడ్డిగా నమ్ముట కాదు. 1978 జనవరి 1న బొంబాయినుండి రాత్రివేళ లేచిన ఎయిరిండియా వారి ఎంపరర్ అశోక విమానములో, కెప్టెను ఎదుటనున్న, వంపు తెలుపు పరికరము చెడి తప్పు చూపెను. చీకటి సముద్రముపై కంటికి దిగంతము లేదు. ఆయన ఆ పరికరమునే నమ్మి విమానమును ఎడమకు వంచెను. సరిగా చూపుచున్న పరికరములు ఆ గదిలోనే ఉన్నవి. 213 మందియు మరణించిరి. ఒక సాక్షిని నాలుగు సాక్షులతో సరిచూచు అలవాటు ఈ గంతల వెనుకనే పట్టుబడవలెను. తొంగిచూచువానికి అది అలవడదు.

కొనబోవువారు మొదట నేలమీద నిలచిన విమానములో కూర్చుండి పెట్టుకొని చూడవలెను. చెవులపై హెడ్‌సెట్టు ఒత్తినప్పుడు కాడలు కణతలను నొక్కునేమో, సొంత కళ్లద్దములున్నవారికి పైన ఇముడునో లేదో, ఎడమ ప్రక్క సందు మిగిలినదేమో చూచుకొనవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, ప్రక్కవాడు కేక వేసినయెడల ఒక్క చేతితో, ఒక్క లాగుడుతో ఊడిరావలెను.