మనసు నిలవని మనిషి నాయకుడు కాకూడదా?

పౌరశాస్త్రం పరీక్షలోనైనా, వక్తృత్వ పోటీలోనైనా నాయకుడి లక్షణాలు చెప్పమంటే మేమందరం ఒకటే జాబితా చెబుతాం. సమయపాలన, ఓర్పు, జ్ఞాపకశక్తి, మొదలుపెట్టిన పని పూర్తి చేయడం, ఎదుటివాళ్ళ మాట చివరిదాకా వినడం. నేనూ ఇదే రాసి ఐదుకు ఐదు మార్కులు తెచ్చుకున్నాను. అయితే ఏడీహెచ్‌డీ ఉన్న పెద్దవాళ్ళకు ఏ పనులు కష్టమో డాక్టర్లు చెప్పే జాబితా కూడా దాదాపు ఇదే. అంటే ఐదు మార్కుల జవాబు రాస్తూ రాస్తూనే, కొందరు మనుషులు నాయకత్వానికి పనికిరారని మనం తీర్పు కూడా రాసేస్తున్నాం. ఆ తీర్పు న్యాయమేనా అని నాకు అనుమానం వచ్చింది.

ఈ అనుమానం ఊరికే రాలేదు. మా బడిలో తల్లిదండ్రుల సమావేశానికి ఒక డాక్టరమ్మ వచ్చి, క్లాసులో కుదురుగా కూర్చోలేని పిల్లల గురించి మాట్లాడారు. అందరూ తలలు ఊపారు. వెనక వరుసలో ఒక అమ్మ లేచి, "చిన్నప్పుడు ఉన్నది పెద్దగైతె పోతదా డాక్టరమ్మా?" అని అడిగింది. కొందరిలో తగ్గుతుంది, చాలామందిలో ఏదో ఒక రూపంలో ఉండిపోతుంది, పెద్దవాళ్ళు అది తమ స్వభావం అనుకొని బతికేస్తారు అని ఆమె చెప్పారు. హాలంతా కాసేపు నిశ్శబ్దం. పిల్లల గురించి వినడానికి వచ్చినవాళ్ళు ఒక్కసారిగా తమ గురించి ఆలోచించుకుంటున్నట్టు అనిపించింది.

ఏడీహెచ్‌డీని తెలుగులో అవధాన లోపం అని రాస్తున్నారు. నాకు ఈ పేరు నచ్చింది, ఎందుకంటే అవధానం అంటే ఏమిటో మన భాషవాళ్ళకు వేరే చెప్పక్కరలేదు. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు చుట్టూ కూర్చొని ప్రశ్నలు వేస్తారు. వాళ్ళలో ఒకరి పనే అవధాని మనసు చెదరగొట్టడం. ఆయన చేసేది అప్రస్తుత ప్రసంగం. పద్యం మధ్యలో ఉండగా, మీ ఇంట్లో ఇవాళ ఏం కూర అని అడుగుతాడు. అవధాని నవ్వుతూ జవాబు చెప్పి మళ్ళీ పద్యంలోకి వెళ్ళాలి, చివర్లో అన్నీ ధారణ చేసి అప్పజెప్పాలి. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ళకు ఆ అప్రస్తుత ప్రసంగి తల లోపలే కూర్చొని ఉంటాడని నేను అర్థం చేసుకున్నాను. పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా, సెలవు లేకుండా.

వాళ్ళకు శ్రద్ధ అసలే ఉండదని కాదు. నచ్చిన పనిలో పడితే అన్నం కూడా మర్చిపోతారు. శ్రద్ధను కావలసిన చోటికి, కావలసిన సమయానికి మళ్ళించడమే వాళ్ళకు కష్టం. ఇది బద్ధకం కాదు, పెంపకం లోపం కాదు, మెదడు పని చేసే తీరులోనే తేడా. మన దగ్గర ఎవరైనా రెండుసార్లు తాళంచెవి పోగొట్టుకుంటే చాలు, సరదాగా ఈ పేరు పెట్టేస్తున్నారు. కానీ డాక్టర్లకు లెక్క ఉంది. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం ఇచ్చిన కొలమానం ప్రకారం శ్రద్ధ నిలవకపోవడానికి 9 లక్షణాలు, కుదురు లేకపోవడానికి, తొందరపాటుకు కలిపి 9 లక్షణాలు. పెద్దవాళ్ళలోనైతే ఏదో ఒక గుంపులో కనీసం 5 ఉండాలి. కొన్నైనా 12 ఏళ్ళలోపే కనిపించి ఉండాలి. ఇంట్లో ఒక్కచోటే కాదు, పని దగ్గర కూడా ఇబ్బంది పెట్టాలి. చిన్నప్పుడు బెంచీలు దూకిన పిల్లవాడు పెద్దయ్యాక దూకడు. ఆ పరుగు లోపలికి వెళ్ళిపోతుంది, బయటికి కూర్చున్నట్టే ఉంటాడు. ఆడపిల్లల్లో చాలామంది మొదట్నుంచీ దూకరు, కిటికీలోంచి చూస్తూ ఉంటారు. అందుకే వాళ్ళ సంగతి ఎవరికీ తెలియదు.

ఇక నాయకత్వం మాట. ఏడీహెచ్‌డీ ఉండి కూడా పెద్ద పదవి చేసినవారికి ఉదాహరణగా అమెరికాలో డేవిడ్ నీల్‌మన్ పేరు చెబుతారు. ఆయన కాలేజీ చదువు మధ్యలో మానేశాడు. తనకు ఈ సమస్య ఉందని ఆయనకు పెద్దయ్యాకే తెలిసింది. మోరిస్ ఎయిర్ అనే చిన్న విమాన కంపెనీలో ఉన్నప్పుడు, కాగితం టికెట్ లేకుండా ప్రయాణం చేసే పద్ధతిని తెచ్చిన మొదటివాళ్ళలో ఆయన ఒకడు. ఇవాళ మనం ఫోన్‌లో టికెట్ చూపిస్తున్నామంటే దాని వెనక అలాంటి ఆలోచనే ఉంది. 1993లో ఆ కంపెనీని సౌత్‌వెస్ట్ అనే పెద్ద కంపెనీ కొన్నది. ఆయన కూడా అందులో చేరాడు. కొన్ని నెలలకే బయటికి పంపేశారు. తర్వాత జెట్‌బ్లూ అనే సొంత కంపెనీ పెట్టాడు, 2000లో దాని విమానాలు ఎగిరాయి. ఇరవై విమానాల ప్రణాళిక వేయడం తనకు తేలిక, ఇంటి కరెంటు బిల్లు కట్టడమే కష్టం అని ఆయనే చెప్పుకున్నాడు. మామూలు మనిషిగా మారతావా, ఇలాగే ఉంటావా అని అడిగితే ఇలాగే ఉంటానని కూడా అన్నాడు.

ఇక్కడితో ఆపేస్తే ఇది మంచి స్ఫూర్తి కథ. కానీ కథ ఆగలేదు. 2007 ఫిబ్రవరి 14న న్యూయార్క్‌లో మంచుతుఫాను వచ్చింది. జెట్‌బ్లూ విమానాలు కొన్ని ప్రయాణికులను ఎక్కించుకొని ఎగరలేక, వెనక్కి రాలేక గంటలు గంటలు నేల మీదే ఉండిపోయాయి. తర్వాత రోజుల్లో కూడా ఎన్నో విమానాలు రద్దయ్యాయి. నీల్‌మన్ అందరి ముందూ క్షమాపణ అడిగాడు, ఇలా జరిగితే ప్రయాణికులకు ఏమేమి ఇవ్వాలో హక్కుల పత్రం రాయించాడు. అయినా అదే ఏడాది మే నెలలో కంపెనీ బోర్డు ఆయనను ముఖ్య అధికారి పదవి నుంచి తప్పించింది. ఆయన బ్రెజిల్ వెళ్ళి అజుల్ అనే ఇంకో విమాన కంపెనీ మొదలుపెట్టాడు.

తుఫాను రోజు జరిగినదానికి ఆయన ఏడీహెచ్‌డీయే కారణం అనడానికి ఏ ఆధారమూ లేదు. మనసు నిలకడగా ఉన్న అధికారుల చేతుల్లో కూడా ఇలాంటివి జరుగుతాయి. అలాగే కంపెనీలు పెట్టగలిగింది ఏడీహెచ్‌డీ వల్లే అని కూడా నేను ఒప్పుకోను. గెలిచిన ఒక్కడిని చూపించి ఇది జబ్బు కాదు వరం అంటారు. గెలవనివాళ్ళ కథ ఎవరు రాస్తారు? ఉద్యోగాలు మారి మారి అలసిపోయినవాళ్ళు, ఇంట్లో తిట్లు తినేవాళ్ళు ఏ పత్రికలోనూ రారు. వరం అన్న మాట వాళ్ళకు ఇంకో తిట్టులా వినబడుతుందేమో.

విమానాలు మనకు దూరం. నాకు దగ్గరగా తెలిసింది మా మేనత్త. ఆమెకు ఏడీహెచ్‌డీ ఉందని ఏ డాక్టరూ చెప్పలేదు, నేనూ చెప్పను. కానీ పదవి గురించిన ప్రశ్న మాత్రం అక్కడ కూడా అదే. షోలాపూర్‌లో మన ఆడవాళ్ళు చాలామంది బీడీలు చుడతారు కదా, మా అత్త కూడా అంతే. పన్నెండు మంది ఆడవాళ్ళ బచత్ గట్‌కు ఆమె అధ్యక్షురాలు. ఆకు నానబెట్టి మర్చిపోతుంది. మీటింగు పదో తారీకు అని తనే చెప్పి, తనే పదకొండున వస్తుంది. కానీ ఒకసారి బీడీలు అప్పజెప్పే చోట, బాగాలేవని ఒక ముసలమ్మ కట్టల్లోంచి చాలా ఎక్కువ తీసి పక్కన పడేస్తుంటే, వరుసలో ఉన్నవాళ్ళంతా చూస్తూ నిలబడ్డారు. మా అత్త ఆగలేదు. "ఏది, నా ముందట లెక్కపెట్టు" అని అడిగేసింది. ముందూ వెనకా ఆలోచించే మనిషైతే అడిగేదా? గట్ వాళ్ళు ఆమెను ఎన్నుకున్నది ఆ నోరు చూసే.

అదే మనిషి ఒక నెల బ్యాంకు కిస్తు కట్టడం మర్చిపోయింది. డబ్బు అందరి దగ్గరా వసూలైంది, సంచిలో పెట్టుకుంది, తారీకు దాటింది. జరిమానా పన్నెండు మంది మీదా పడింది. ఆమెను మార్చాలని మాట వచ్చింది.

అసలు చిక్కు ఇక్కడే ఉందని నాకు అనిపిస్తుంది. నేను నా హోంవర్క్ నోట్‌బుక్ మర్చిపోతే నష్టం నాకే. అధ్యక్షురాలు మర్చిపోతే నష్టం రోజుకు వెయ్యి బీడీలు చుట్టే మనిషికి. పాపం, ఆమె తప్పు కాదు అనడం వేరు, కాబట్టి పదవి ఆమెకే ఉండాలి అనడం వేరు. తప్పు పట్టకపోవడం దయ. పదవి దయ మీద ఇచ్చేది కాదు, దాని కింద ఉన్నవాళ్ళ బతుకు చూసి ఇచ్చేది. కళ్ళు సరిగా కనబడని మనిషి మీద కోపం రాదు, కానీ ఆయన చేతికి బండి ఇవ్వం.

ఈ పోలికలోనే ఒక లోపం కూడా ఉంది. బండి నడపడం ఒక్కరే చేసే పని. నాయకత్వం అలా కాదు. అధ్యక్షురాలు, సెక్రటరీ, డబ్బు చూసే మనిషి అని బచత్ గట్‌లోనే ముగ్గురు ఉంటారు. ధైర్యం, జ్ఞాపకం, లెక్క మూడూ ఒకే తలలో ఉండవని ఆ నియమం రాసినవాళ్ళకు తెలుసు. మరి మన ఐదు మార్కుల జవాబులో మాత్రం అన్నీ ఒకే తలలో ఉండాలని ఎందుకు రాస్తున్నాం? ఫలానా మనిషి పనికొస్తాడా రాడా అని కాకుండా, ఏ పనికి వస్తాడు, ఏ పని ఆయన చేతిలో పెట్టకూడదు అని అడగాలి. తీసేయాలంటే చేసిన పని చూసి తీసేయాలి, డాక్టరు చీటీ మీద పేరు చూసి కాదు. చీటీ చూసి తీసేస్తారని తెలిస్తే ఎవ్వరూ డాక్టరు దగ్గరికే వెళ్ళరు. మందులు, అలవాట్లు నేర్పే చికిత్స ఉండి కూడా దాచుకొని తిరుగుతారు. దాచుకున్న మతిమరుపు చెప్పుకున్నదానికంటే ప్రమాదం, ఎందుకంటే దానికి ఎవరూ కాపలా ఉండరు.

గట్ వాళ్ళు కూడా చివరికి అలాంటిదే చేశారు. అత్త అధ్యక్షురాలుగానే ఉంది. పాస్‌బుక్, డబ్బు సంచి, తారీకులు సెక్రటరీ చేతికి వెళ్ళాయి. నాకు ఇది సరైన న్యాయం అనిపించింది, ఇంట్లో అదే చెప్పాను.

అయితే ఆ సెక్రటరీ మా పక్కింటి చిన్నమ్మే. ఆమె కూడా రోజంతా బీడీలు చుడుతుంది, ఇద్దరు పిల్లలు, మంచం మీద అత్తగారు. మీటింగుకు పెద్దవాళ్ళు వస్తే శాలువా అధ్యక్షురాలికే కప్పుతారు. ఒకరోజు మా వాకిట్లో కూర్చొని, అమ్మతో నవ్వుతూనే అన్నది: "ఆమె మర్చిపోతె స్వభావం అంటరు, నేను మర్చిపోతె నిర్లక్ష్యం అంటరు. గిదేం లెక్క వదినా?"

అమ్మ చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. నేను రాసుకున్న కారణాలన్నీ ఒకసారి మనసులో తిప్పి చూశాను. ఒకరి మతిమరుపును ఇంకొకరి జ్ఞాపకంతో పూడ్చవచ్చు అన్నంతవరకు నాకు జవాబు ఉంది. ఆ జ్ఞాపకానికి కూలి ఎవరివ్వాలి, శాలువా ఎవరు కప్పాలి అన్నదానికి ఇంకా దొరకలేదు. చిన్నమ్మ మాత్రం నా జవాబు కోసం ఆగలేదు, కిస్తు తారీకు ఇవాళేనని లేచి వెళ్ళింది.