పేకాట రాత్రి – గృహస్థధర్మం

ఈ దేశంలో చలికాలపు రాత్రి చాలా పొడుగు. డిసెంబరులో నాలుగు దాటితే దీపాలు పెట్టుకోవలసిందే. అలాంటి శనివారం మనవాళ్లు నలుగురు ఒక ఇంట చేరి పోకరో, రమ్మీయో వేసుకుంటే తప్పుపట్టేవారు తక్కువ. నా సందేహం ఆట గురించి కాదు, తిండి గురించి. ఆటకు పిలిచినవాడు అతిథులకు పెట్టే భోజనం ఖర్చును పందెం సొమ్ములోంచి తీసుకోవచ్చునా?

మా ఇంట్లో కొన్నాళ్లు ఇదే పద్ధతి. ఆటాటకూ పందెంలోంచి కాస్త తీసి డబ్బాలో వేసేవాళ్లం. బజ్జీలకూ, పులిహోరకూ, విస్కీకీ సరిపోయేది. అందరూ ఒప్పుకున్నదే. ఒక రాత్రి బాగా పోగొట్టుకున్న మిత్రుడు పదింటికే లేచాడు. "ఇంకో రెండాటలు ఉండండి, అన్నం తిని వెళ్దురుగాని" అన్నాను. అన్నాక నాకే అనుమానం వచ్చింది. ఆ మాట అనిపించింది అతిథి మీది ఆదరమా, నిండని డబ్బానా? ఆయన తినకుండానే వెళ్లిపోయారు.

ఈ ప్రశ్న న్యాయస్థానాల దాకా వెళ్లినదే. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు, రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అన్నది. సౌకర్యాలకు మితంగా రుసుము తీసుకున్నంత మాత్రాన లాభం గుంజినట్టు కాదని కూడా అన్నది. తర్వాత అక్కడి చట్టాలు మారాయి. ఐర్లండులో 1956 నాటి జూద చట్టం మరోవైపు నుంచి చూసింది. ఆట నడిపేవాడు పందెం సొమ్ములో ఏ కొంచెం అట్టిపెట్టుకున్నా ఆ ఆట చట్టవిరుద్ధం అన్నది. రెంటినీ పక్కపక్కన పెట్టుకుంటే నాకొక గీత కనిపించింది. ముందే చెప్పి తీసుకున్న ఖర్చు ఆట ఎంత సాగినా పెరగదు. పందెంలోంచి తీసే కోత ఆటతోపాటు పెరుగుతుంది. అప్పుడు అతిథి ఎంత ఆలస్యంగా లేస్తే గృహస్థుకు అంత మేలు.

భారతంలో ధర్మరాజును పిలిపించి, కొత్త సభ చూపించి, మర్యాదలన్నీ చేసి, మర్నాడు పాచికలు ముందు పెట్టారు. ఆతిథ్యంలో లోపం లేదు. లోపమంతా దాని వెనక ఉన్న ఆశలో ఉంది.

అయితే ఖర్చంతా ఒక్కడే మోయాలా? అక్కరలేదు. ఇక్కడి పబ్బులో తలా ఒక రౌండు కొన్నట్టు, ఇల్లు వంతులవారీగా మార్చుకోవచ్చు. లేదా ముక్కలు పంచకముందే తలా ఇంత వేసుకోవచ్చు. గెలుపోటములకూ అన్నానికీ సంబంధం ఉండకూడదు, అంతే.

మందు సంగతి మరీ సున్నితం. ఇక్కడ 2011 నుంచి మామూలు డ్రైవరుకు 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాలే హద్దు. కారు దాకా వెళ్లకముందే మరో ప్రమాదం ఉంది. తాగినవాడు పందెం పెంచుతాడు. ఆ బల్ల దగ్గరే ఆడుతున్న గృహస్థు అతని గ్లాసు నింపడం మర్యాద అనిపించుకోదు.

ఇంకొక మాట. అర్ధరాత్రి దాకా పొయ్యి దగ్గర నిలబడిన ఇల్లాలికి ఆ డబ్బాలో వంతు ఎప్పుడైనా వచ్చిందా? మేము లెక్కల్లో వేసుకోని ఖర్చు అది.

ఇప్పుడు మా ఇంట్లో డబ్బా లేదు. తొమ్మిదింటికి ముక్కలు పక్కన పెట్టి అందరం కలిసి తింటాం. గిన్నెలు ఆడినవాళ్లే కడుగుతారు. ఆ మిత్రుడు మళ్లీ వస్తున్నారు. మొన్న ఓడిపోయి కూడా రెండోసారి పెరుగన్నం వేయించుకున్నారు.