ఈ ఇల్లు ఎవరు కట్టారమ్మా?



ఒకటి, రెండు తరగతుల పిల్లలకు బడిలో 'ప్రాజెక్టు' ఇస్తుంటారు. అట్టతో ఇల్లు కట్టి తెమ్మంటారు, లేదా మట్టితో పండ్లు చేసి రంగులు వేయమంటారు. ఆ తరువాత చాలా ఇళ్లలో జరిగేది మీకు తెలియనిది కాదు. సాయంత్రం తండ్రి కొట్టుకు వెళ్లి థర్మోకోల్ షీటు తెస్తాడు. రాత్రి పదకొండు దాకా తల్లి కత్తిరిస్తుంది, తండ్రి అంటిస్తాడు. పాప తొమ్మిదింటికే నిద్రపోతుంది. తెల్లవారి ఆ ఇంటిని రెండు చేతులా జాగ్రత్తగా పట్టుకుని బడికి వెళుతుంది. "ఈ ఇల్లు ఎవరు కట్టారమ్మా?" అని టీచరు అడిగితే "నేనే టీచర్" అంటుంది. టీచరుకూ నిజం తెలుసు. అయినా పదికి పది వేస్తుంది.

ఇదేమంత పెద్ద పాపమని మీరు నవ్వేయవచ్చు. పాపసంకీర్తనానికి ముందు చేసుకునే ఆత్మశోధనలో ఇది ఎవరికి గుర్తుకొస్తుంది గనుక! కాని ఆరేళ్ల బిడ్డ ఆ ఒక్క పూటలో ఏమేమి నేర్చుకుందో చూడండి. అమ్మ, నాన్న, టీచరు ముగ్గురూ కలిసి ఒప్పుకుంటే అబద్ధం కూడా చెల్లుతుందని నేర్చుకుంది. అంతకంటే బాధాకరమైన సంగతి మరొకటుంది. తన చేతులతో చేసినది నలుగురికీ చూపించడానికి పనికిరాదని కూడా నేర్చుకుంది.

"మీకేం ఫాదర్‌గారూ, మార్కులు పోతాయండీ" అని తల్లులు అంటారు. పోనివ్వండి. ఒకటో తరగతి మార్కులు చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు.

ఇప్పుడు మరో పని చూద్దాం. ఆగమన కాలం వస్తే కొట్లనిండా ప్లాస్టిక్ నక్షత్రాలు వేలాడుతుంటాయి. అయితే వెదురు బద్దలతో నక్షత్రం కట్టడం మనలో అనేకులకు తెలుసు. సమానమైన బద్దలు పది కావాలి. ఐదింటితో ఒక నక్షత్రం, ఐదింటితో మరొకటి కట్టాలి. రెండింటినీ కొనలు కలిపి పురికొసతో బిగించి, లోపలి మూలల్లో ఐదు పొట్టి పుల్లలు నిలబెడితే నక్షత్రం పొట్ట ఉబ్బి నిలుస్తుంది. అప్పుడు మైదా ఉడికించిన జిగురుతో రంగు కాగితం అంటించాలి. బద్దలు చీల్చి నున్నగా చేసే పని మాత్రం పెద్దవాళ్లదే, చేతికి గుచ్చుకుంటాయి.

ఒక బద్ద రెండు వేళ్లు పొట్టిదైతే నక్షత్రం ఒక పక్కకు వాలుతుంది. అప్పుడు పిల్లవాడిని ఎవరూ తిట్టనక్కరలేదు, ఆ బద్దే చెబుతుంది. అమ్మ దగ్గర మారాం చేస్తే బిస్కెట్టు దొరుకుతుంది గాని, వెదురు దగ్గర మారాం చెల్లదు. తడి ఆరకముందే లాగితే కాగితం చిరుగుతుంది, ఎంత ఏడ్చినా అతుక్కోదు. లోకం నా ఇష్టప్రకారం నడవదు, దానికొక స్వభావం ఉంది, దానిని తెలుసుకుంటే అది నాకు లొంగుతుంది అనే సంగతిని మేము సెమినరీలో పెద్ద పెద్ద పుస్తకాలలో చదివాము. పిల్లలకు మూరెడు వెదురు చాలు.

ఇల్లు కట్టడం కట్టడం వల్లనే వస్తుందనీ, అలాగే న్యాయంగా నడవడం వల్లనే మనిషి న్యాయవంతుడవుతాడనీ అరిస్టాటిల్ ఏనాడో చెప్పాడు. మరి చేయనిదాన్ని చేశానని చెప్పడం కూడా అలవాటు వల్లనే వస్తుంది గదా?

ఇక్కడ పునీత థామస్ అక్వినాస్ వారి మాట ఒకటి కొంచెం కటువుగా ఉంటుంది. పనివాడిని పనివాడిగా మెచ్చుకునేది అతడి సదుద్దేశాన్ని చూసి కాదట, అతడు చేసిన వస్తువు మంచి చెడ్డలు చూసి. కాబట్టి వాలిపోయిన నక్షత్రాన్ని చూసి "అబ్బ, ఎంత బాగుందో" అని పొగడకండి. పిల్లవాడికి కళ్లున్నాయి. నక్షత్రం వంకా, మీ వంకా చూస్తాడు. "ఏ బద్ద పొట్టిదయిందో చూద్దామా నాన్నా?" అనండి. వాడిని గౌరవించడమంటే అదే.

అలాగైతే కొట్లో నక్షత్రమే మేలు గదా, అది వాలిపోదు గదా అని మీరు అడగవచ్చు. దీనికి పోపు రెండవ జాన్‌పాల్ వారు 1981లో పని గురించి వ్రాసిన విశ్వలేఖలో జవాబుంది. యౌవనంలో రాతి క్వారీలోనూ రసాయన కర్మాగారంలోనూ పనిచేసిన మనిషి ఆయన. పనికి విలువ ముందుగా వచ్చేది తయారైన వస్తువు వల్ల కాదనీ, ఆ పని చేసేవాడు మనిషి కావడం వల్లననీ ఆయన అంటారు. నక్షత్రం మంచి చెడ్డలు నక్షత్రానివే. కాని దానిని కట్టడం వల్ల తయారవుతున్నది పిల్లవాడు. పండుగ అయ్యాక నక్షత్రాన్ని అటక మీద పడేస్తాం, ముడి వేయడం నేర్చిన చేయి వాడితోనే ఉంటుంది. కత్తి మీరు పట్టుకోండి, నిచ్చెన మీరు ఎక్కండి. ముడి మాత్రం వాడిని వేయనివ్వండి, వదులుగా ఉంటే విప్పి మళ్లీ వేస్తాడు.

ఇందులో న్యాయం ప్రశ్న కూడా ఉంది. పొద్దున్నే కూలికి వెళ్లి రాత్రి అలసి వచ్చే తల్లిదండ్రుల బిడ్డకు థర్మోకోల్ ఎవరు కొంటారు? పాత అట్టపెట్టె చించి తానే ఏదో అంటించుకుని వెళుతుంది. తరగతిలో నిజంగా తన చేత్తో చేసినది ఆ పిల్లే కావచ్చు. అయినా దాని అట్ట ఇల్లు బల్ల చివర ఉంటుంది.

మన విచారణలలో ఇళ్లలోని పశువుల పాకలకు పోటీలు పెడుతుంటారు. 1223లో పునీత ఫ్రాన్సిస్ అస్సీసి వారు గ్రెచ్చోలో క్రిస్మస్ రాత్రి ఏర్పాటు చేసిన పాకలో ఉన్నవి ఒక పశువుల తొట్టి, ఎండుగడ్డి, ఎద్దు, గాడిద. మన పోటీల్లో మాత్రం ఎక్కువ బల్బులున్న పాకకే బహుమతి వస్తుంది. చూడడానికి వెళ్లే పెద్దలకు నాదొక మనవి. ఇంటి యజమానితో మాట్లాడే ముందు పిల్లలను "ఇది ఎలా చేశారు?" అని అడగండి. చేసిన పిల్ల ఆపకుండా చెబుతుంది. పాక కప్పు ఎన్నిసార్లు కూలిందో, గొర్రెపిల్ల కాలు ఎలా విరిగిందో, తమ్ముడు జిగురు ఎక్కడ ఒలకబోశాడో అన్నీ వస్తాయి. చేయని పిల్ల తల్లి ముఖం వంక చూస్తుంది.

పాక ముందు పచ్చగడ్డి కోసం గోధుమలు చల్లించదలచినవారు డిసెంబరు 14 నాటికే పిల్లల చేత పళ్లెంలో మన్ను పోయించి చల్లించండి. రోజూ నీళ్లు చిలకరించే పని కూడా వారికే అప్పగించండి. ఒకవేళ మరచిపోయి ఆ పళ్లెం ఎండిపోతే, ఈ ఏడాది పాక ముందు గడ్డి లేకపోయినా ఫరవాలేదు. రాత్రికి రాత్రి కొట్టు నుంచి ప్లాస్టిక్ గడ్డి తెచ్చి పరచకండి.