ఒప్పుకోవడం వేరు, వదిలించుకోవడం వేరు



కనుమనాడు కోడిపందేల బరి దగ్గర ఇద్దరు యువకులు కొట్టుకున్నారనుకుందాం. ఒకడు బరి నడిపేవారి బంధువు. తాగి చెయ్యి చేసుకున్నాడు. రెండోవాడు కొబ్బరి దింపు కూలి. దెబ్బ తప్పించుకోబోయి అతణ్ణి నెట్టాడు. పోలీసులు ఇద్దరిమీదా ఒకే కేసు పెట్టారు. వాయిదానాడు ఒక పెద్దమనిషి కూలి చెవిలో, "ఒప్పేసుకోరా అబ్బాయ్, జరిమానా కట్టి సాయంత్రానికి ఇంటికి పోవచ్చు. లేకపోతే కోర్టు చుట్టూ తిరగాలి" అన్నాడు. కుర్రవాడు తల ఊపాడు. ఇద్దరికీ ఒకే జరిమానా పడింది. ఇది న్యాయమేనా?

ఇది కల్పించిన ఉదాహరణే. అయినా అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో తీర్థాలకూ సంబరాలకూ వెళ్లే మనకు ఇలాంటి కొట్లాటలు కొత్త కావు.

బహిరంగ స్థలంలో ఇద్దరుగాని అంతకుమించిగాని కొట్టుకొని ప్రజాశాంతిని భంగపరిస్తే అది నేరం. 1860 నాటి శిక్షాస్మృతిలో దీనికి నెలవరకు జైలు, లేదా 100 రూపాయలవరకు జరిమానా, లేదా రెండూ. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 194వ సెక్షనులో జరిమానా 1,000 రూపాయలవరకు పెరిగింది. కాని ఒకడు కొడుతుంటే రెండోవాడు ఊరకే దెబ్బలు తింటే అది కొట్లాట కాదు. ఆత్మరక్షణ హక్కునూ చట్టం గుర్తించింది. అంటే మన కూలికి చెప్పుకోవలసిన మాట ఒకటుంది. ఆ మాట ఎవరూ వినకుండానే కేసు ముగిసింది.

ఈ ప్రమాదాన్ని సుప్రీంకోర్టు 1980లోనే గుర్తించింది. సుదీర్ఘ విచారణకు భయపడి నిర్దోషి కూడా చిన్న శిక్షకు ఒప్పుకోవచ్చునని గుజరాత్ నుంచి వచ్చిన ఒక కేసులో హెచ్చరించింది. 2006లో కొన్ని షరతులతో నేరాంగీకార బేరానికి చట్టం చోటిచ్చింది. అందులో కూడా నిందితుడు ఇష్టపూర్వకంగా వచ్చాడో లేదో న్యాయమూర్తి అవతలి పక్షం లేకుండా విచారించాలి. మరి చిన్న కేసులో, వరండాలో చెవిలో ఊదిన మాటకు ఆ జాగ్రత్త ఏది?

"వెయ్యి రూపాయలకు ఇంత తర్కమా?" అని మీరు అడగవచ్చు. వెయ్యి రూపాయలు ఒకరికి పందెంలో ఒక చిన్న పై పందెం. మరొకరికి ఇంటి బియ్యం. పైగా డబ్బుతో పోయేది కాదది. రేపు పోలీసు ఉద్యోగానికో గల్ఫుకో దరఖాస్తు పెడితే ఆ శిక్ష అడ్డురావచ్చు.

పాపసంకీర్తనంలో మనం చెప్పేది నిజం గనుకనే దానికి విలువ. వినయం కోసం తనమీద తాను అబద్ధం చెప్పుకున్నా అది పాపమేనని పునీత అగుస్తీను బోధించారు. అయితే ఆ కూలిని నేను నిందించను. నిజం చెబితే కూలి దినాలు పోయేలా, అబద్ధం చెబితే ఇల్లు చేరేలా ఏర్పాటు చేసిన మనందరిదీ ఆ తప్పు.

2022 మే 24న జిల్లా పేరు విషయమై అమలాపురంలో ఇళ్లు తగులబెట్టారు. ఆ కేసులను ఉపసంహరించుకోవాలని 2023లో ప్రభుత్వం నిర్ణయించింది. ఆ నిర్ణయం మంచిచెడ్డలు అటుంచుదాం. వెనుక బలగం ఉన్నవారికి దొరికే సానుభూతి ఒంటరివాడికి దొరకనక్కరలేదా?

తల్లిదండ్రులారా! మీ బిడ్డ కేసులో ఇరుక్కుంటే "ఒప్పేసుకో" అనకముందు "నిజంగా చేశావా?" అని అడగండి. చేసి ఉంటే ఒప్పుకోనివ్వండి. దెబ్బలు తిన్నవారి ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగించండి, మందుల ఖర్చు ఇప్పించండి. మొదటి తప్పయితే 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద మందలించి విడిచిపెట్టమని కోర్టును కోరవచ్చు. అలా విడిచిపెడితే శిక్షవల్ల వచ్చే అనర్హత అంటదని ఆ చట్టమే చెబుతోంది. చెయ్యకపోతే న్యాయ సేవాధికార కమిటీని ఆశ్రయించండి. ఎస్సీ, ఎస్టీలకు, స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు.

ఇక మనలో పెద్దమనుషులైనవారికి ఒక మాట. ఈసారి కోర్టు వరండాలో ఒక పేదవాడి చెవి దగ్గరకు వంగేటప్పుడు, ముందుగా అతడు చెప్పేది మన చెవితో విందాం.